నీళ్లను కొలిచారు.. మనుషుల లెక్క ఎవరు తీస్తారు?

హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మాత్ర మింగిన రోగి రక్తంలోనూ అంత మందు ఉండదు. రోజు మొత్తానికి దాదాపు 45 కిలోలు. 90 లక్షల మంది ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడేంత. శుద్ధి చేశాక కూడా మిగిలింది ఇది. తర్వాత చుట్టుపక్కల చెరువుల్లో, ఊరి బావుల్లోనూ మందుల ఆనవాళ్లు దొరికాయి. అక్కడి వాగు అడుగు మట్టిలో మందుకు బ్యాక్టీరియా లొంగకుండా చేసే జన్యువులు బయటపడ్డాయి.

మరి ఆ నీళ్ల పక్కన బతికిన మనుషులకు ఏమైంది? ఇక్కడే వైద్యం చేస్తూ కాలుష్యంపై దశాబ్దాల పాటు పోరాడిన డాక్టర్ కిషన్ రావు అడిగిన ప్రశ్న ఇదే. 2004లో గ్రీన్‌పీస్ ఇంటింటి సర్వే చేసి, ఈ ఊళ్లలో జబ్బులు దూరపు ఊళ్లకన్నా ఎక్కువన్నది. ఆ మాట విలువైనది. కానీ కాలుష్యం ఉందని ముందే తెలిసిన ఊళ్లో జనం ప్రతి నలతనూ గుర్తుపెట్టుకుని చెబుతారు. ఒక్క సర్వేతో కారణం తేలదు.

ఒక ప్రశ్నపై జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి తూచే సిస్టమాటిక్ రివ్యూ పుట్టింది ఇలాంటి చిక్కు విప్పడానికే. ప్రశ్న ముందే రాసుకుంటారు. ఏ అధ్యయనాన్ని తీసుకోవాలో, దేన్ని వదలాలో నియమాలూ ముందే పెట్టుకుంటారు. ఇద్దరు విడివిడిగా జల్లెడ పడతారు. ప్రతి అధ్యయనంలో పక్షపాతం ఎంతో తూస్తారు. మనకు నచ్చని ఫలితాన్ని పక్కన పెట్టేసే వీలుండదు.

అలాంటి ఫలితం మన దగ్గరే ఒకటి ఉంది. కలుషితమైన వాగులకు మూడు కిలోమీటర్ల లోపలి ఊళ్లన్నింటా బావినీళ్లలో, మట్టిలో సిప్రోఫ్లాక్సాసిన్ కోవకు చెందిన ఫ్లోరోక్వినొలోన్ మందులు దొరికాయని 2014లో వెలువడిన అధ్యయనం చెప్పింది. కానీ ఆ మందులకు బ్యాక్టీరియా లొంగకుండా చేసే ఒక రకం జన్యువులు అక్కడి జనం మలంలో దూరపు ఊళ్లవారికన్నా ఎక్కువున్నట్టు తేలలేదు. పరీక్షించిన భారతీయుల్లో 91 శాతం మందిలో అవి అప్పటికే ఉన్నాయి, స్వీడన్‌లో 24 శాతం. మనిషి నుంచి మనిషికి వ్యాప్తి అంతగా ముదిరిందన్నమాట. పటాన్‌చెరు కాలుష్యం మనుషులకు హాని చేసిందన్న వాదాన్ని బలపరచని ఈ ఫలితాన్ని ముందు మనమే చెప్పుకోవాలి. మనం దాచిందాన్ని రేపు కంపెనీల వకీలు బయటపెడితే మిగతా నిజాల మీదా నమ్మకం పోతుంది.

అయితే అది ఒక రకం జన్యువుల కథే. క్యాన్సర్లు, గర్భస్రావాలు, చర్మవ్యాధులకు అది జవాబు కాదు. ‘రుజువు లేదు’ అన్న మాటకు రెండు అర్థాలు: వెతికితే దొరకలేదని, అసలు సరిగా వెతకలేదని. అధికారులు రెండోదాన్ని మొదటిదిగా చదివినంత కాలం నష్టపోయేది జనమే.

సాక్ష్యం ఉన్నచోట కూడా నిర్ణయం వెనకడుగు వేసింది. ల్యాబుల్లో అప్పటికే పోగైన సమాచారాన్ని ఒకచోట చేర్చి, 111 యాంటీబయాటిక్స్‌కు నీటిలో ఎంత దాటితే ప్రమాదమో లార్సన్, బెంగ్ట్‌సన్-పామ్ 2016లో లెక్కగట్టారు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 2007 నాటి కొలత దీనికి నాలుగు లక్షల రెట్ల పైమాటే! 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇలాంటి పరిమితులతోనే ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో అవి మాయమయ్యాయి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ పరిశ్రమల వ్యర్థాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఇప్పుడైనా ఆ పరిమితులు తిరిగి రావాలి.

మనుషుల లెక్క మాత్రం ఢిల్లీ నుంచి రానక్కర్లేదు. ఈఎస్‌ఐ రికార్డుల్లో కార్మికుడు ఏ ఫ్యాక్టరీలో పనిచేశాడో ఉంటుంది. ఆశా కార్యకర్తల రిజిస్టర్లలో ఊరి గర్భిణుల వివరాలుంటాయి. ఇక్కడి పాశమైలారం పారిశ్రామికవాడకు పనికొచ్చి, కొన్నేళ్లకు సొంత రాష్ట్రానికి వెళ్లిపోయే వలస కూలీల జాడ దొరకడమే అన్నింటికన్నా కష్టం. వాళ్లను వదిలేస్తే లెక్క మొదటి రోజే తప్పుతుంది. 2022లో జిల్లా కేంద్రం సంగారెడ్డికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఈ రికార్డులను పేర్లు తీసేసి కలిపి, ఏటా ఊరివారీగా ప్రచురించాలి.