నైపుణ్య కోర్సు: మిగిలిన నలభై అయిదు గంటలు



మీ డిగ్రీ పాఠ్యప్రణాళికలో ప్రధాన సబ్జెక్టుల పక్కన చిన్నగా కనిపించే నైపుణ్యాభివృద్ధి కోర్సు గురించి ఈ వ్యాసంలో మాట్లాడుకుందాం. సాధారణంగా దీనికి రెండు క్రెడిట్లు ఉంటాయి. పుస్తకం పలుచగా ఉంటుంది. పరీక్షకు వారం ముందు ఒకసారి తిరగేస్తే గట్టెక్కవచ్చని మీ సీనియర్లు మీకు చెప్పే ఉంటారు. మార్కుల వరకే చూసుకుంటే వాళ్ల మాట అబద్ధమేమీ కాదు.

కానీ ఒక చిన్న లెక్క చేయండి. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల అధ్యయనం. రెండు క్రెడిట్లంటే 60 గంటలు. మీ చేతిలోని పుస్తకాన్ని ఎంత నిదానంగా చదివినా, రెండోసారి చదివినా, పదిహేను గంటలకు మించి పట్టదు. మరి మిగిలిన నలభై అయిదు గంటలు ఎక్కడ గడపాలి? నైపుణ్య కోర్సుకు సంబంధించిన అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు పుస్తకంలో దొరకదు.

చదువుకూ పనికీ పొత్తు కుదర్చాలన్న ఆలోచన కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ లోనూ ఇదే ఉంది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ దీనినే ‘పని అనుభవం’ అన్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానంలో నైపుణ్య కోర్సులకు విడిగా చోటు ఇచ్చింది. మన రాష్ట్రంలో 2016-17 నుంచి ఆ విధానం డిగ్రీ స్థాయిలోకి వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఈ ధోరణిని మరింత ముందుకు నెట్టింది. పేర్లు మారాయి గాని చిక్కు మాత్రం అలాగే ఉంది. పనిని తరగతి గదిలోకి ఎలా తేవాలన్నదే ఆ చిక్కు.

తరగతి గదే లేని దూరవిద్యలో ఈ చిక్కు రెట్టింపవుతుంది. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1971లో బోధన మొదలుపెట్టినప్పుడు, సైన్సు విద్యార్థుల ఇళ్లకు ప్రయోగ సామగ్రిని పెట్టెల్లో సర్ది పోస్టులో పంపింది. వంటగది బల్ల మీదే ప్రయోగం చేసుకొమ్మన్నమాట. మన దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. ఆచార్య జి. రాంరెడ్డి దానికి తొలి ఉపకులపతి. 1991 నుంచి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. ఇక్కడ ఇంటికి పెట్టెలు పంపే బదులు అధ్యయన కేంద్రాలకే విద్యార్థిని రమ్మనే పద్ధతి స్థిరపడింది. అయితే లింగంపేట దాటి ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో ఉండే విద్యార్థి, ఆదివారం పూట కామారెడ్డికి బస్సులో వచ్చి, రెండు తరగతులు విని తిరిగి వెళ్లడమే కష్టం. అక్కడ నలభై అయిదు గంటల సాధన ఎలా కుదురుతుంది?

కుదరదు. కుదరనవసరం కూడా లేదన్నది నా అభిప్రాయం. మీ ప్రయోగశాల మీ ఊళ్లోనే ఉంది. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

పాల కేంద్రం దగ్గర

కామారెడ్డి జిల్లాలో పాడి లేని ఊరు అరుదు. డెయిరీ టెక్నాలజీలో డిగ్రీ నేర్పే కళాశాల కూడా కామారెడ్డిలోనే ఉంది. అయితే ఇక్కడ నేను చెబుతున్నది బి.టెక్. చదివే వాళ్ల గురించి కాదు. బి.ఏ., బి.కాం. చదువుకుంటూ పొద్దున రెండు గంటలు ఊరి పాల కేంద్రంలో పాలు కొలిచే యువకుల గురించి. మీలో అలాంటివాళ్లు తప్పక ఉంటారు.

ఒక ఉదయం ఈ సన్నివేశం జరిగిందనుకోండి. ఒక ముసలమ్మ పాలు పోసి, చీటీ చూసుకుని అడుగుతుంది: “ఏం బిడ్డా, నిన్న ఆరున్నర వచ్చె, ఇయ్యాల అయిదెట్లొచ్చింది?” కుర్రవాడు అంటాడు: “మిషన్ల అట్లనే వచ్చింది పెద్దమ్మా, నేనేం జెయ్యాలె?” వెనక నిలబడ్డ ఎవరో “నీళ్లు గలిస్తే రాదా మరి” అని నవ్వుతారు. ఆమెకు ఆ పూట కొన్ని రూపాయలు పోయాయి. అంతకంటే పెద్దది, పరువు పోయింది.

ఆ కుర్రవాడికి మిషన్ నడపడం వచ్చు. దాన్ని మనం నైపుణ్యం అనవచ్చా? సగం అనవచ్చు. తక్కిన సగం ఏమిటో పాలనే అడుగుదాం.

పాలలో వెన్న ఉంటుంది, వెన్న కాని ఘనపదార్థాలు ఉంటాయి, మిగతాది నీరు. వెన్న కాని ఘనపదార్థాలను కేంద్రాల్లో ‘ఎస్.ఎన్.ఎఫ్.’ అంటారు. వెన్న నీటికంటే తేలిక, ఎస్.ఎన్.ఎఫ్. నీటికంటే బరువు. లాక్టోమీటర్ చూపేది పాల సాంద్రతను. సాంద్రత 1.030 అయితే దాని మీద 30 అని చదువుతాం. నీళ్లు కలిపితే ఈ అంకె తగ్గుతుంది. మీగడ తీస్తే పెరుగుతుంది. కాబట్టి మీగడ తీసి, తగినంత నీళ్లు కలిపితే లాక్టోమీటర్ ఏమీ ఎరగనట్టు పాత అంకెనే చూపిస్తుంది! అందుకే ఫ్యాట్ పరీక్ష, లాక్టోమీటర్ రెండూ కలిపి చూడాలి. ఈ రెండింటి నుంచి ఎస్.ఎన్.ఎఫ్. లెక్కగట్టడానికి వాడుకలో ఉన్న సూత్రం ఇది:

ఎస్.ఎన్.ఎఫ్. శాతం = (లాక్టోమీటర్ అంకె ÷ 4) + (0.2 × ఫ్యాట్ శాతం) + 0.36

చివరి స్థిరాంకం అన్నిచోట్లా ఒకటి కాదు. మీ కేంద్రం ఏది వాడుతోందో అడిగి తెలుసుకోండి. లాక్టోమీటర్ అంకెను పాల ఉష్ణోగ్రతను బట్టి సరిచేసిన తర్వాతే ఇందులో వేయాలి.

ఇప్పుడు ముసలమ్మ దగ్గరకు వద్దాం. నిన్న ఆమె బర్రె పాలకు ఫ్యాట్ 6.5, లాక్టోమీటర్ 30. లెక్క చేస్తే 7.5 + 1.3 + 0.36, అంటే ఎస్.ఎన్.ఎఫ్. 9.16. ఇవాళ ఫ్యాట్ 5. లాక్టోమీటర్ 31 వచ్చిందనుకోండి. 7.75 + 1.0 + 0.36, అంటే 9.11. ఎస్.ఎన్.ఎఫ్. దాదాపు కదలలేదు. నీళ్లు కలిపి ఫ్యాట్‌ను ఆరున్నర నుంచి అయిదుకు దించాలంటే పాలలో సుమారు నాలుగో వంతు నీళ్లు ఉండాలి. అప్పుడు లాక్టోమీటర్ 23 దగ్గరకు, ఎస్.ఎన్.ఎఫ్. 7 దగ్గరకు పడిపోవాలి. అలా పడలేదు. కాబట్టి ఆమె నీళ్లు కలపలేదు. ఈ మాట కుర్రవాడు నలుగురిలో గట్టిగా చెప్పగలగాలి.

మరి ఫ్యాట్ ఎందుకు తగ్గింది? పితికేటప్పుడు మొదట వచ్చే పాలలో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. చివరి పాలు దూడకు వదిలేస్తే కేంద్రానికి వచ్చిన పాలు పలుచగానే ఉంటాయి. లేదా క్యాను కాసేపు కదలకుండా ఉండి మీగడ పైకి తేలింది, కలపకుండా అడుగు నుంచి నమూనా తీశారు. లేదా ఇంట్లో మీగడ తీసి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏదన్నది అంకెలు చెప్పవు. కానీ రెండో అనుమానాన్ని అక్కడికక్కడే తీర్చవచ్చు. ఆమె ఎదుటే పాలు బాగా కలిపి మళ్లీ నమూనా తీసి చూపిస్తే చాలు. ఇందుకు రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఇవ్వడం, ఆమెతో “పెద్దమ్మా, దూడకు ఎన్నడు ఇడిచినవ్, ముందా ఎన్కనా?” అని అడగడం కూడా నైపుణ్యంలో భాగమే. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘భావప్రసార నైపుణ్యాలు’ అనే వేరే కోర్సులో పెడతారు. పాల కేంద్రంలో ఈ రెండూ వేరువేరుగా ఉండవు.

ధాన్యం కల్లంలో

పోచారం కాలువ కింద సాగు చేసే ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట విద్యార్థులకు పాలకంటే వడ్లు దగ్గర. కొనుగోలు కేంద్రంలో తేమ గరిష్ఠంగా 17 శాతం ఉండాలన్నది మీకు తెలుసు. ఇరవై శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లను 17కు ఆరబెడితే ఎంత తూకం తగ్గుతుంది? నేను సంపర్క తరగతుల్లో చాలాసార్లు అడిగాను. అందరూ “మూడు కిలోలు” అనేవారు. బి.కాం. వాళ్లు మరీ ధీమాగా అనేవారు. చూడండి: వంద కిలోల్లో నీరు 20, గింజ 80. ఆరిన తర్వాత ఆ 80 కిలోలు మొత్తం తూకంలో 83 శాతం కావాలి. 80 ÷ 0.83 అంటే సుమారు 96.4 కిలోలు. తగ్గింది 3.6 కిలోలు. ఒక క్వింటాలు దగ్గర ఇది చిన్న తేడాలా అనిపిస్తుంది. వంద క్వింటాళ్లు పోసిన రైతుకు అరవై కిలోల తేడా. తరుగు మీద గొడవ జరుగుతున్నప్పుడు ఈ లెక్కను కాగితం మీద వేసి చూపగలిగే మనిషి ఒక్కడుంటే, గొంతులు కొంత తగ్గుతాయి.

ఇళ్లలో ఉండి చదువుకునే ఆడపిల్లలు, గృహిణులు మాకు కల్లమూ లేదు, పాల కేంద్రమూ లేదు అనుకోనక్కర లేదు. మీ పొదుపు సంఘం సమావేశ తీర్మానాల పుస్తకాన్ని, అప్పుల పద్దును మూడు నెలలు మీరే రాస్తామని అడగండి. పాఠంలో చదివిన జమాఖర్చుకూ, వాయిదా తప్పిన పక్కింటి అక్క పేరు ఎదుట రాయాల్సిన అంకెకూ ఉన్న దూరం అప్పుడు తెలుస్తుంది.

అసైన్‌మెంట్ సంగతి

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి నైపుణ్య కోర్సు అసైన్‌మెంట్ల కట్ట దిద్దుతున్నాను. మూడో పేజీలో ఒక పదం రాసి కొట్టేసి ఉంది. తర్వాతి కాగితంలోనూ అదే పదం, అదే పేజీలో, కొట్టేసే ఉంది. ఆ తర్వాతి దానిలోనూ అంతే. కొట్టివేతతో సహా ఎత్తి రాశారు! నవ్వుకున్నాను, అందరికీ మార్కులు వేశాను, సంతకం చేశాను. గడువు దగ్గర పడింది, జాబితా పంపాలి. ఆ విద్యార్థులు నన్ను మోసం చేశారని చాలాకాలం అనుకున్నాను. ‘నైపుణ్యాన్ని నిర్వచించి, దాని రకాలను వివరించుము’ అని ప్రశ్న ఇచ్చినవాణ్ణి నేనే గదా. దానికి ఊరంతటికీ ఒకే జవాబు ఉంటుంది. ‘మీరు గత నెలలో చేసిన పనిలో తప్పిన ఒక లెక్క గురించి రాయండి’ అని అడిగితే ఎవరి దగ్గర ఎత్తి రాస్తారు?

మీకు వచ్చిన ప్రశ్న నిర్వచనాలే అడిగినా, జవాబులో మీ పని నుంచి ఒక ఉదాహరణ చేర్చండి. అందుకోసం ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, చేసిన పని, వచ్చిన అంకె, అనుకున్నట్టు రానిది ఏమిటి, ఎవరిని అడిగారు అన్నవి ఉంటే చాలు. బాగా జరిగిన రోజు రెండు వాక్యాలు సరిపోతాయి. తప్పు జరిగిన రోజు మాత్రం పేజీ నిండా రాయండి. ఉద్యోగ ఇంటర్వ్యూలో “ఈ కోర్సులో ఏం నేర్చుకున్నారు?” అని అడిగితే, ధ్రువపత్రంకంటే ఆ పేజీయే ఎక్కువగా ఆదుకుంటుంది. ఒక జాగ్రత్త: కేంద్రం నిర్వాహకుల అనుమతి తీసుకునే పని చూడండి. రైతుల పేర్లు, ఖాతా నంబర్లు మీ నోటుపుస్తకంలోకి గాని, అసైన్‌మెంట్‌లోకి గాని రానివ్వకండి.

అన్ని నైపుణ్య కోర్సులూ ఇలా ఊళ్లో సాధన చేయడానికి వీలవుతాయని నేను అనను. కంప్యూటర్ కోర్సుకు కంప్యూటర్ కావాలి, దానికి కామారెడ్డి రాక తప్పదు. కొన్ని కోర్సుల పుస్తకాలు ఇప్పటికీ నిర్వచనాల మూటలే. అలాంటివి మీకు తగిలితే అధ్యయన కేంద్రంలో ఆ మాట చెప్పండి. కౌన్సెలర్‌ను “ఇది చేసి చూపించండి సార్” అని అడగడం అమర్యాద ఏమీ కాదు.

చేసి చూడండి

ఒకే బర్రె పాలకు మూడు ఉదయాల వివరాలు ఇవి. మొదటి రోజు లాక్టోమీటర్ 30, ఫ్యాట్ 6.5. రెండో రోజు 28.5, 6.2. మూడో రోజు 30.5, 5.6. పైన ఇచ్చిన సూత్రంతో మూడు రోజులకూ ఎస్.ఎన్.ఎఫ్. కట్టండి. నీళ్లు కలిసి ఉండవచ్చని ఏ రోజు అనుమానించాలి? ఏ రోజు నమూనా మళ్లీ తీయాలి? ఆ తర్వాత, పాలు పోసిన ముసలమ్మకు మూడో రోజు సంగతి ఎలా చెబుతారో నాలుగు వాక్యాల్లో రాయండి. ఎస్.ఎన్.ఎఫ్. అన్న మాట వాడకుండా, ఆమె ఇంట్లో మాట్లాడే మాటల్లో రాయండి. రాసినది సంపర్క తరగతికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి.