బండి వారంటీ కేసు: ఫిర్యాదులో తప్పు దొర్లితే దిద్దుకోవచ్చా?

హోసూరులో ఉంటూ బెంగళూరులో కారు కొనడం, బళ్లారిలో ఉంటూ అనంతపురంలో బైకు కొనడం, యానాం నుంచి కాకినాడ షోరూముకు వెళ్లడం మన కుటుంబాల్లో మామూలే. కొత్త బండి నెల తిరక్కుండానే మొరాయించి, నాలుగుసార్లు సర్వీసుకు ఇచ్చినా బాగుపడకపోతే వినియోగదారుల కమిషన్ తలుపు తడతాం. కోపంలో రాసిన ఫిర్యాదులో షోరూము పేరే ఉంటుంది, తయారీ కంపెనీ పేరు ఉండదు. లేదా ఏం కావాలో సరిగా అడగం. మొదటి వాయిదాకే అవతలివాళ్లు ఆ లోపం పట్టుకుంటారు. అంతమాత్రాన కేసు పోయినట్టు కాదు. ఫిర్యాదును సవరించుకోవచ్చు. కాకపోతే ఆలస్యం చేయకూడదు.

ఫిర్యాదులో లేనిది తర్వాత పనికిరాదు

2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన గోవా కేసు చూడండి. 2011 మోడల్ కారుకు డబ్బు కట్టిన ఆయనకు డీలరు 2009లో తయారైన బండి ఇచ్చాడు. కింది కమిషన్లు డీలరునూ టాటా మోటార్స్‌నూ ఇద్దరినీ బాధ్యుల్ని చేశాయి. సుప్రీంకోర్టు మాత్రం కంపెనీని తప్పించింది. డీలరు చేసిన పనిలో కంపెనీ పాత్ర ఏమిటో ఫిర్యాదులో చెప్పలేదన్నది అందులో ముఖ్య కారణం. అంటే కంపెనీ పేరు రాస్తే చాలదు, అది చేసిన తప్పేమిటో కూడా రాయాలి.

కోరికల సంగతీ అంతే. 2006లో మారుతి కారు క్లచ్ కేసులో, వారంటీ ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చాలే తప్ప కారంతా మార్చి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ‘కొత్త కారు ఇవ్వాలి’ అన్న ఒక్క కోరికతో ఆగకూడదు. అది కుదరకపోతే ధర వాపసు, అదీ కాకపోతే ఉచిత మరమ్మతు, తిరుగుడు ఖర్చులు, పరిహారం అని వరుసగా అడగాలి.

ఏవి సవరించవచ్చు

తయారీ కంపెనీని చేర్చడం, ఇంజిన్ నంబరు, తేదీల్లో తప్పులు దిద్దడం, కేసు వేశాక బయటపడిన అదే రకం లోపాన్ని చేర్చడం, కోరికలు మార్చడం సాధారణంగా ఒప్పుకుంటారు. పరిహారం పెంచి అడిగినంత మాత్రాన కేసు పై కమిషన్‌కు పోదు. బండికి మీరు కట్టిన ధరే లెక్క. అది రూ.50 లక్షల లోపుంటే జిల్లా కమిషనే చూస్తుంది.

ఒప్పుకోనివీ ఉన్నాయి. ఇన్సూరెన్సు గొడవతో మొదలైన కేసును ఇంజిన్ లోపం కేసుగా మార్చేయడం, ముందు ఒప్పుకున్న మాటను వెనక్కి తీసుకోవడం కష్టం. గడువు దాటిన కోరికను సవరణ పేరుతో చేర్చడమూ అంతే.

ఎలా, ఎప్పుడు

వినియోగదారుల చట్టంలో సవరణకంటూ విడిగా సెక్షన్ లేదు. కమిషన్లు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 6, రూల్ 17 సూత్రాన్నే పాటిస్తుంటాయి. ఐ.ఏ. అనే చిన్న దరఖాస్తు వేసి, అఫిడవిట్, సవరించిన ఫిర్యాదు జతచేయాలి. ఏ పేరాలో ఏ మాట తీసి ఏ మాట పెడుతున్నారో, ముందే ఎందుకు రాయలేకపోయారో స్పష్టంగా చెప్పాలి. ప్రతులు అవతలివాళ్లకూ ఇవ్వాలి. వాళ్ల అభ్యంతరం విన్నాకే కమిషన్ తేలుస్తుంది. ఆలస్యానికి కొంత ఖర్చు కట్టమనవచ్చు.

సాక్ష్యం అఫిడవిట్లు మొదలుకాక ముందే ఇది చేయడం మేలు. ఆ తర్వాతయితే, ఎంత జాగ్రత్తగా ఉన్నా ముందు తెలియలేదని నిరూపించుకోవాలి. ఫిర్యాదుకు గడువు కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లు. ఆలస్యంగా చేర్చిన కంపెనీ ‘మా విషయంలో గడువు దాటింది’ అని వాదించవచ్చు. ఫిర్యాదు మొత్తం తప్పుగా ఉంటే, మళ్లీ వేసుకునే అనుమతితో ఉపసంహరించుకోవడం ఇంకో దారి. ఆ అనుమతి ఉత్తర్వులో రాసి ఉండాలి. గడువు మిగిలి ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

మనకు ప్రత్యేకంగా

2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. బండి బెంగళూరులో కొన్నా హోసూరువాళ్లు తమ జిల్లాలోనే వేసుకోవచ్చు. లాయరు తప్పనిసరి కాదు.

అయితే మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ, ఫిర్యాదు తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో మరాఠీలోనో ఇంగ్లీషులోనో తయారవుతుంది. తేదీలు, బండి ఎన్నిసార్లు ఆగిందన్న లెక్క తారుమారయ్యేది అక్కడే. సంతకం పెట్టేముందు చదువుకున్న పిల్లలతో ప్రతి పేరా తెలుగులో చెప్పించుకుని, జాబ్ కార్డులు పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. షోరూముకు తెలుగులో రాసిచ్చిన లేఖ ఉంటే అనువాదంతో కలిపి పెట్టండి. ఆ రాత్రి గంటసేపు కూర్చుని చూసుకుంటే, రేపు ఐ.ఏ. వేయాల్సిన అవసరమే రాకపోవచ్చు.