హోప్ వేరు, గోల్ వేరు



మన లైబ్రరీ బీరువాలో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ ఒకటి ఉంది. అందులో హోప్ అంటే ఆశ. విష్ అంటే కోరిక, ఆశ. యాంబిషన్ అంటే ఆశయం, పేరాశ. ఎయిమ్ అంటే గురి, ఉద్దేశం, ఆశయం. గోల్ అంటే గమ్యం, లక్ష్యం. ఆశ అనే ఒక్క మాటే అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఉంటుంది. ఇంటి దగ్గర కోయ మాట్లాడి, బడికొచ్చి తెలుగు నేర్చుకొని, ఆ తెలుగు మీద మళ్ళీ ఇంగ్లీషు నేర్చుకునే మనకు ఇవన్నీ ఒకటే అనిపిస్తాయి. ఒకటి కావు. ఇంగ్లీషు మేడమ్‌ను అడిగి, పుస్తకాలు చూసి, నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

ముందు విష్ సంగతి. జరగనిదాన్ని, జరగడం చాలా కష్టమైనదాన్ని అనుకుంటే విష్. ‘ఐ విష్ ఐ వర్ ఎ బర్డ్’ అంటారు. నేను పిట్టనైతే బాగుండు అని అర్థం. పిట్టను కాను, కాలేను కూడా. అందుకే అక్కడ ‘యామ్’ రాయకూడదు, ‘వర్’ రాయాలి. గ్రీటింగు కార్డుల మీద ఉండే విష్ మాత్రం వేరు, అది దీవెన.

హోప్ అంటే జరగడానికి వీలున్నది, కానీ మన చేతిలో లేనిది. ఎండలు మొదలయ్యేటప్పుడు మన ఊళ్ళలో ఇప్పచెట్ల కింద ఊడ్చి శుభ్రం చేసి పెడతారు కదా. పువ్వు ఎంత రాలుతుందో చెట్టుకే తెలియాలి. బాగా రాలాలి అని మనసులో అనుకోవడం హోప్. చెట్టు నిండా మొగ్గలు చూసి, ఈసారి రోజుకు రెండు గంపలు ఖాయం అని లెక్క కట్టడం ఎక్స్‌పెక్ట్ చేయడం. హోప్‌కు కారణం అక్కర్లేదు, ఎక్స్‌పెక్ట్‌కు కారణం ఉండాలి. మేడమ్ మనతో ‘ఐ హోప్ యు విల్ పాస్’ అంటే ఒకలాగ ఉంటుంది, ‘ఐ ఎక్స్‌పెక్ట్ యు టు పాస్’ అంటే ఇంకోలాగ ఉంటుంది. రెండోదాని వెనక బెత్తం కనిపిస్తుంది. (మేడమ్ గారు క్షమించాలి.)

డ్రీమ్ అంటే నిద్రలో వచ్చేదే కాదు. 1963 ఆగస్టు 28న అమెరికాలోని వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ గారు నల్లజాతివారికి సమాన హక్కులు కావాలని పెద్ద సభలో మాట్లాడారు. ఆ ప్రసంగానికి ‘ఐ హ్యావ్ ఎ డ్రీమ్’ అనే పేరు నిలిచిపోయింది. తర్వాత 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. ఆ చట్టాలు గోల్ లాంటివి, వచ్చాయా రాలేదా అని చూసి చెప్పొచ్చు. డ్రీమ్ అంతకంటే పెద్దది. అందులో తాను ఒక్కడే కాదు, అందరూ ఉంటారు. ఇది నా అభిప్రాయం.

యాంబిషన్ అనే మాట కథ నాకు బాగా నచ్చింది. పూర్వం రోమ్ నగరంలో పదవి కావాలనుకున్నవాళ్ళు ఓట్ల కోసం అందరి చుట్టూ తిరిగేవాళ్ళు. లాటిన్ భాషలో అలా చుట్టూ తిరగడం అనే మాట నుంచే యాంబిషన్ పుట్టింది. మన ఊళ్ళకు కూడా జీపులు ఎక్కువగా వచ్చేది ఓట్లప్పుడే కదా! అందుకే ఈ మాటలో మంచీ ఉంది, చెడూ ఉంది. షేక్స్పియర్ రాసిన జూలియస్ సీజర్ నాటకంలో సీజర్‌ను చంపిన బ్రూటస్, అతనికి యాంబిషన్ ఉంది కాబట్టే చంపాను అంటాడు. తెలుగులో ఆశయం అంటే మంచిదే, చెడ్డదానికి పేరాశ అని వేరే మాట ఉంది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే. కనుక ‘షి ఈజ్ యాంబిషస్’ అని ఎవరైనా అంటే, ఏ గొంతుతో అన్నారో చూసుకోవాలి. ఆడపిల్ల గురించి అంటే ఇంకా బాగా చూసుకోవాలి.

ఆస్పిరేషన్ కూడా మంచి కోరికే. దానికి మూలం ఊపిరి ఊదడం.

ఇక ఎయిమ్, టార్గెట్, గోల్. విల్లు ఎక్కుపెట్టిన తాతలు ఉన్న మనకు ఇవి తొందరగా అర్థమవుతాయి. గురి చూడటం ఎయిమ్. ఈ మాటకు మూలంలో అంచనా వేయడం అని అర్థం. పిట్ట ఎంత దూరం, గాలి ఎటు వీస్తోంది, అన్నీ అంచనా వేస్తేనే గదా గురి. బాణం తగలాల్సిన చోటు టార్గెట్. పాత రోజుల్లో ఆ మాటకు చిన్న డాలు అని అర్థం. గోల్ అంటే ముందు పరుగు పందెం ముగిసే చోటు, తర్వాత బంతి ఆటలోకి వచ్చింది. అంటే గోల్‌కు దారి ఉండాలి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు పోవాలో తెలియాలి. చేరామో లేదో కూడా తెలియాలి.

ఒకసారి హాస్టలుకు వచ్చిన ఒక పెద్దాయన, పెద్దయ్యాక ఏమవుతారమ్మా అని అందరినీ అడిగారు. మనం లేచి డాక్టర్, టీచర్, కలెక్టర్ అని చెప్పాం. దానికి ఏం చదవాలో తెలుసా అంటే ఎవ్వరం నోరు విప్పలేదు. ‘వీళ్ళకు గోల్ లేదండీ’ అని పక్కనున్నాయనతో అన్నారు. మాట ప్రకారం చూస్తే ఆయన చెప్పింది నిజమే. కానీ సగమే నిజం. హోప్ ఒక్కళ్ళే పెట్టుకోవచ్చు, దానికి ఎవరూ అక్కర్లేదు. గోల్‌కు దారి తెలిసినవాళ్ళు చెప్పాలి. మన ఇళ్ళల్లో ఆ దారిలో నడిచినవాళ్ళు లేరు, ఎవరిని అడుగుతాం?

మాలావత్ పూర్ణ అక్కను చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం గిరిజన అమ్మాయి. అమ్మా నాన్నలు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి వయసు 13 సంవత్సరాల 11 నెలలు. అప్పటి ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ అన్న కూడా ఆమెతో ఎక్కాడు. ముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకొని ఎక్కడం నేర్పారు. తర్వాత డార్జిలింగ్‌లో, ఆ తర్వాత లడఖ్ చలిలో శిక్షణ ఇచ్చారు. ఎవరెస్టు గోల్ అయితే, ఈ మధ్య మెట్లను ఆబ్జెక్టివ్స్ అనొచ్చు. ధైర్యం ఆమెదే, ఎక్కిన కాళ్ళూ ఆమెవే. కానీ ఆ మెట్లు ఆమె ఒక్కతే కట్టుకోలేదు, నేర్పినవాళ్ళు ఉన్నారు.

నా సంగతి చెప్తాను. మా ఊరికి సూదిమందు వేయడానికి వచ్చే నర్సమ్మను చూసి నర్సు కావాలనుకున్నాను. మొన్నటిదాకా అది హోప్. సైన్సు మేడమ్ చెప్పాక లెక్క వేశాను. పదో తరగతి, ఇంటర్ బైపీసీ రెండేళ్ళు, బీఎస్సీ నర్సింగు నాలుగేళ్ళు. ఇప్పుడు నాకు 14, అయ్యేసరికి 21 వస్తాయి. ఇప్పుడు అది గోల్. అయితే చిక్కు ఏంటంటే, నా గోల్ దారి మా ఇంటి మీదుగా పోవాలి. అమ్మ, పది పాసైతే చాలు తల్లీ అంటుంది. అది హోప్. ఇంటర్ చదువుతా అంటే నాయన ‘చూద్దాం’ అంటాడు. ఆ ‘చూద్దాం’ హోప్ కాదు, ఎక్స్‌పెక్ట్ కాదు, కాదనడమూ కాదు. డిక్షనరీలో దానికి మాట దొరకలేదు. ఈ సెలవులకు పోయినప్పుడు నాయనకు ఆ ఏళ్ళ లెక్క కాగితం మీద రాసి చూపిస్తాను. నాయనకు చదువు రాదు గానీ లెక్క బాగా వచ్చు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. డాక్టర్, టీచర్, నర్సు, పోలీసు, వీటికి పదో తరగతి తర్వాత ఏమేం చదవాలో, ఎన్నేళ్ళో ఒక చార్టు మీద రాయించి భోజనాల హాల్లో అంటిస్తే బాగుంటుంది. లైన్లో పళ్ళెం పట్టుకొని నిలబడినప్పుడు అందరం చదువుతాం.

చివరగా, ఈ కింది వాటికి ఏ ఇంగ్లీషు మాట సరిపోతుందో రాసి నాకు ఇవ్వండి. జవాబులు వచ్చే సంచికలో.

1. ఆదివారం కోడికూర పెడతారు, వంట అక్క ఉల్లిపాయలు ఎక్కువ తరుగుతోంది.
2. మా అన్న బతికి ఉంటే బాగుండు.
3. ఈ నెలాఖరుకు లెక్కల్లో మూడు పాఠాలు పూర్తి చేస్తాను.
4. మా ఊరికి రోడ్డు వస్తుంది, మా తాత చిన్నప్పటి నుంచి అంటున్నారు.