గొట్టం ఒకటి, కుళాయిలు మూడు

మూలపేట తీరాన నిలబడి తూర్పుకు చూడండి. నీరు తప్ప ఏమీ కనబడదు. కాని ఆ దిక్కునే, దాదాపు వెయ్యి కిలోమీటర్ల అవతల, మయన్మార్ తీరం ఉంది. దాన్నే మన పెద్దలు బర్మా అంటారు. అక్కడి సముద్రగర్భంలో 2004లో పెద్ద సహజవాయు నిక్షేపం బయటపడింది. దాని పేరు ష్వే. బర్మా భాషలో ఆ మాటకు బంగారం అని అర్థం. ఆ క్షేత్రంలో మన ఓఎన్‌జీసీ విదేశ్, గెయిల్ సంస్థలు కూడా వాటాలు తీసుకున్నాయి. మరి ఆ వాయువు మనకు వచ్చిందా? రాలేదు. గొట్టం గుండా చైనాకు పోయింది! ఎందుకో చూద్దాం.

ఉద్దానం పిల్లలకు గొట్టం కొత్త కాదు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం పల్లెలకు తాగునీరు గొట్టాల్లో తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. నీటిని పంపు తోసినట్లే సహజవాయువును కంప్రెసర్ తోస్తుంది. ఈ వాయువులో ఎక్కువ భాగం మీథేన్. దాన్ని బాగా అదిమి, ఎక్కువ పీడనంతో ఉక్కు గొట్టంలోకి పంపుతారు. రాపిడి వల్ల పోనుపోను పీడనం తగ్గుతుంది. అందుకే దారి పొడవునా కంప్రెసర్ స్టేషన్లు ఉంటాయి. అవసరమైతే ప్రవాహాన్ని ఆపడానికి వాల్వులు, అంటే పెద్ద కుళాయిల వంటివి, ఉంటాయి.

చిక్కంతా ఆ కుళాయిల దగ్గరే! మీ జీడితోటకు నీటి గొట్టం పొరుగు రైతు తోటలోంచి రావాలనుకోండి. అతనితో మాటపట్టింపు వస్తే మీ చెట్లు ఎండిపోవలసిందేనా? ఊళ్లో అయితే తగవు తీర్చే పెద్దలుంటారు. శ్రీకాకుళం-అంగుల్ వాయు గొట్టాన్నే చూడండి. 2025 అక్టోబరులో జాతికి అంకితమైన ఆ గొట్టం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 124, ఒడిశాలో 298 కిలోమీటర్లు సాగుతుంది. రాష్ట్రాలు రెండైనా చట్టం ఒక్కటే. దేశాల మధ్య అలాంటి పెద్ద దొరకడం కష్టం.

ష్వే వాయువు మనకు రావాలంటే దగ్గరి దారి బంగ్లాదేశ్ మీదుగానే. 2005 జనవరిలో మూడు దేశాల మంత్రులు యాంగోన్‌లో కలిసి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. అయితే నేపాల్, భూటాన్‌లతో వ్యాపారానికి భారత్ గుండా దారి కావాలనీ, అక్కడి జలవిద్యుత్తు తెచ్చుకునే వీలు కల్పించాలనీ బంగ్లాదేశ్ కోరింది. వాటిని వేరుగా మాట్లాడుకుందామని భారత్ అన్నది. బేరం తెగలేదు. చైనాకు మయన్మార్‌తో నేరుగా సరిహద్దు ఉంది, మధ్యలో మూడో కుళాయి లేదు. 2008లో ఒప్పందం కుదిరింది, 2013లో వాయువు పారింది.

పడమటి వైపూ ఇదే కథ. ఇరాన్ నుంచి పాకిస్తాన్ మీదుగా మనకు గొట్టం వెయ్యాలన్న ఆలోచన 1989 నాటిది. తుర్క్‌మెనిస్తాన్ వాయువు కోసం 2010లో నాలుగు దేశాలు సంతకాలు చేశాయి. ఆ రెండు గొట్టాలూ ఇంతవరకు మన సరిహద్దు చేరలేదు.

అయితే శత్రువుల మధ్య గొట్టం పనిచెయ్యదా? చేస్తుంది! రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య 2022 ఫిబ్రవరిలో పెద్ద యుద్ధం మొదలైంది. అయినా రష్యా వాయువు ఉక్రెయిన్ భూమిలోంచే ఐరోపాకు 2024 చివరిదాకా పారింది. రష్యాకు అమ్మకం డబ్బు, ఉక్రెయిన్‌కు దారి సుంకం, కొన్నవారికి చలికాలంలో వెచ్చదనం కావాలి కదా! ఒప్పందం గడువు తీరగానే, 2025 జనవరి 1న, ప్రవాహం ఆగిపోయింది.

వేరే ఉపాయం లేదా అంటారా? ఉంది. మైనస్ 162 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే వాయువు ద్రవమై, దాని ఘనపరిమాణం ఆరువందల వంతుకు తగ్గుతుంది. దాన్ని ఓడల్లో తెస్తారు. ఓడ దారి మార్చుకోగలదు, గొట్టం మార్చుకోలేదు. కాని చల్లబరచడానికీ, మళ్లీ వాయువుగా మార్చడానికీ ఖర్చవుతుంది.

ఇప్పుడు మీ అట్లాసు తీయండి. మయన్మార్ తీరం నుంచి బంగ్లాదేశ్ మీదుగా కోల్‌కతాకు ఒక దారం పరచి కొలవండి. తర్వాత బంగ్లాదేశ్‌ను తాకకుండా మిజోరం, అస్సాం చుట్టి కోల్‌కతా చేరేలా మరో దారం పరచండి. రెండో దారం ఎంత ఎక్కువ పట్టింది? ఇరుగుపొరుగు దేశాలకు పొత్తు కుదరకపోతే చెల్లించవలసిన వెల ఆ ఎక్కువ పొడవే!