కారు స్టార్టు కానప్పుడు: లక్షణాల పరిశీలన, మెకానిక్‌తో వ్యవహారం

ఈ భాగం చదివిన తరువాత మీరు కారు స్టార్టు కాకపోవడానికి గల సాధారణ కారణాలను లక్షణాలను బట్టి వేరు చేయగలుగుతారు. మరమ్మతు విషయంలో మెకానిక్‌ను ఏమి అడగాలో తెలుసుకుంటారు. ఇక్కడి చర్చ పెట్రోలు, డీజిలు కార్లకు పరిమితం.

1. లక్షణం వేరు, కారణం వేరు

"బండి స్టార్టు కావడం లేదు" అనే ఒక్క మాట వెనుక వేర్వేరు కారణాలు ఉంటాయి. తాళం తిప్పినప్పుడు టకటకమని చప్పుడు వచ్చి, లైట్ల వెలుగు తగ్గిపోతే బ్యాటరీలో చార్జి లేదనో, టెర్మినళ్లు వదులయ్యాయనో అనుమానించాలి. టెర్మినళ్లపై తెల్లని లేదా పచ్చని పొర ఉంటే అదీ కరెంటును అడ్డుకుంటుంది. లైట్లు బాగానే వెలుగుతూ ఒక్కసారి మాత్రం 'టక్' అని ఆగిపోతే సెల్ఫ్ మోటారును పరీక్షించాలి. సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే లోపం సాధారణంగా ఇంధన సరఫరాలో గాని, ఇగ్నిషన్‌లో గాని ఉంటుంది.

2. బ్యాటరీయా, ఆల్టర్నేటరా?

అనవసర ఖర్చు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీని చార్జి చేసేది ఆల్టర్నేటర్. మన షెడ్లలో దీనినే 'డైనమో' అంటారు. అది పాడైతే కొత్త బ్యాటరీ వేసినా, అందులో ఉన్న చార్జి అయిపోగానే కారు మళ్లీ ఆగిపోతుంది. బ్యాటరీ డబ్బు పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

రెండింటినీ వేరు చేయడానికి మల్టీమీటరు చాలు. కొన్ని గంటలు ఆపి ఉంచిన కారులో, పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు అది సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్యకు పెరగాలి. పెరగకపోతే ఆల్టర్నేటరును, దాని బెల్టును, వైర్లను చూడాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరు ఈ వోల్టేజిని అవసరాన్ని బట్టి తగ్గిస్తుంది కనుక, ఆ కార్ల విషయంలో ఈ ఒక్క కొలతతోనే నిర్ణయానికి రాకూడదు. కొలిచేటప్పుడు చీర కొంగు, చున్నీ, చేతులు బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉంచండి.

కారు నడుస్తుండగా బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగితే, టెంపరేచర్ ముల్లును కూడా చూడండి. చాలా కార్లలో ఆల్టర్నేటరును తిప్పే బెల్టే నీటి పంపునూ తిప్పుతుంది. బెల్టు తెగితే ఇంజను వేడెక్కుతుంది. ముల్లు పైకి పోతుంటే వెంటనే పక్కకు ఆపి ఇంజను కట్టేయండి. వేడి మీద రేడియేటరు మూత తీయవద్దు. పీడనంలో ఉన్న మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

3. మెకానిక్‌తో మాట్లాడటం

"బ్యాటరీ మార్చండి" అంటే మెకానిక్ మారుస్తాడు. అందులో అతని తప్పు లేదు. మీరు అడిగింది అదే. కారణం మీరు చెప్పకండి, లక్షణం చెప్పండి: "రెండు రోజులు వాడకపోతే స్టార్టు కావడం లేదు, టకటకమంటుంది, నడుస్తుండగా ఎర్ర లైటు రాలేదు." ఆ తరువాత ఈ నాలుగూ అడగండి.

(అ) పరీక్షించి, వచ్చిన వోల్టేజిని చూపించమనండి.
(ఆ) విడిభాగాల ధర, కూలి వేరువేరుగా రాసిన ఎస్టిమేటు తీసుకోండి.
(ఇ) అదనపు పని ఏదైనా తేలితే, ఫోను చేసిన తరువాతే మొదలుపెట్టమనండి.
(ఈ) తీసేసిన భాగాన్ని, బిల్లును అడగండి. పాత బ్యాటరీలోని సీసానికి విలువ ఉంటుంది. దానిని దుకాణంలోనే ఇస్తే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గించమనండి. వారంటీ కార్డుపై తేదీ వేయించుకోండి.

4. వివాదం వస్తే

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బు తీసుకుని చేసే మరమ్మతు ఒక సేవ. అందులో లోపం ఉంటే, వివాద కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ మీ మాటకు బలం ఇచ్చేవి ఎస్టిమేటు, బిల్లు. బిల్లు లేకపోతే తగ్గిస్తామనే మాటకు ఒప్పుకుంటే ఆ ఆధారాన్ని వదులుకున్నట్లే.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. కొత్త బ్యాటరీ వేసిన కొద్ది రోజులకే కారు మళ్లీ ఆగిపోయింది. ముందుగా ఏ కొలత తీసుకుంటారు? ఎందుకు?
2. మీ ఇంటి వాహనంలో ఈ మధ్య వచ్చిన ఒక లోపాన్ని, కారణం ఊహించకుండా, లక్షణాలు మాత్రమే పేర్కొంటూ మూడు వాక్యాలలో రాయండి.