పెంట మంచిదే - వేసే అదును తెలియాలి

పొలంలో వేసిన ఎరువంతా పంటకు దక్కదు. కొంత నీటితో పోతుంది, కొంత గాలిలో కలుస్తుంది. గాలిలో కలిసే దానిలో ఒక చిన్న భాగం భూమిని వేడెక్కిస్తోంది. మంచిర్యాల జిల్లాలో చెన్నూరు, కోటపల్లి వైపు పత్తి చేలున్నాయి. కడెం కాలువ కింద దండేపల్లి, లక్సెట్టిపేట వైపు వరి మడులున్నాయి. ఈ రెండు చోట్లా ఎరువు ఒకే తీరుగా పనిచేయదు.

పత్తి చేలో యూరియా

గోదావరి ఆవలి ఒడ్డున రామగుండంలో 1980లో బొగ్గుతో యూరియా తయారీ మొదలైంది. 1999లో ఆ కర్మాగారం మూతపడింది. 2021లో గ్యాసుతో నడిచే కొత్త కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 21 కిలోలు. అందులో దాదాపు నూటో వంతు నేలలోని సూక్ష్మజీవుల వల్ల నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుందని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల అంచనా. అది కిలోలో మూడో వంతే. కాని వందేళ్ల లెక్కలో ఈ వాయువు బొగ్గుపులుసు వాయువు కంటే 273 రెట్లు వేడి పెంచుతుంది. అంటే ఒక్క బస్తా సుమారు 90 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం.

వాన పడి చేను జాలువారినప్పుడు యూరియా వేస్తే ఈ నష్టం పెరుగుతుంది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకు వేపనూనె పూత పూస్తున్నారు. అది సూక్ష్మజీవుల పనిని నెమ్మదిస్తుంది. అయినా దఫాలుగా, మొక్క మొదట్లో వేసి మట్టి కప్పడమే మేలు.

వరి మడిలో పెంట

మడిలో నీరు నిలిస్తే మట్టికి గాలి ఆడదు. అప్పుడు పచ్చి పెంట, గడ్డి కుళ్లి మీథేన్ పుడుతుంది. బాగా చివికిన పెంటతో ఇది చాలా తక్కువ. కొయ్యకాలును దమ్ముకు ముందు కాక, నెల ముందే దున్నితే మీథేన్ బాగా తగ్గుతుంది. వానాకాలం కోతకూ యాసంగి నాట్లకూ మధ్య వ్యవధి తక్కువ కనుక, కోత కాగానే దుక్కి చేయాలి. పైరు కుదురుకున్నాక మడిని మధ్య మధ్య ఆరగట్టినా మీథేన్ తగ్గుతుంది, నీరూ ఆదా అవుతుంది.

కట్టెకూ విలువే

పత్తి కట్టెను చేలో తగులబెడితే బూడిదే మిగులుతుంది. గాలి తగలకుండా బొగ్గు చేసి నేలలో కలిపితే అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇందుకు హైదరాబాదులోని క్రిడా పరిశోధన సంస్థ చిన్న బట్టీని రూపొందించింది.

2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణ రైతులు బారులు తీరారు. భూసార పరీక్ష చేయించి, నేలకు కావలసినంతే వేస్తే బస్తా మిగులుతుంది, గాలికి పోయేదీ తగ్గుతుంది.