గనుల ఊరి నుండి గగన మార్గాన

దూరమెంత అని అడిగితే పూర్వం మన పెద్దలు ఆమడలలో, కోసులలో చెప్పేవారు. కోలారు బంగారు గనులలో పనిచేసిన వారికి మాత్రం దూరమంటే లోతు. ఛాంపియన్ రీఫ్ గని నేలలోనికి 3 కిలోమీటర్లకు పైగా దిగినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడిన పిమ్మట పిల్లలు బ్రతుకుతెరువుకై బెంగుళూరుకు, అందులో కొందరు సముద్రాల అవతలికి వెళ్ళారు. ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలోను, ఆండర్సన్‌పేటలోను ఉన్న తల్లిదండ్రులకు దూరమంటే విమానపు గంటలు. ఆ లెక్క తెలిసి ఉండుట మంచిది.

శాన్‌ఫ్రాన్సిస్కోకు, బెంగుళూరుకు నడుమ ఆకాశమార్గాన దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమాన మొకటి ఆ దూరాన్ని ఎక్కడా దిగకుండా సుమారు 17 గంటలలో దాటినది. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి మొదలైన స్త్రీలే దానిని నడిపారు. వారు వచ్చినది ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా!

గోడమీది పటం చూస్తే ఇది చుట్టుదారి అనిపిస్తుంది. కాని భూమి గుండ్రన గదా! ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఈ రెండు ఊళ్ళకూ ఒక దారం బిగించి చూడండి. అది పసిఫిక్ సముద్రానికి అడ్డంగా పోక, అలాస్కా, సైబీరియాల వైపు వంగుతుంది. అదే దగ్గరి దారి.

ఇక తేదీల చిక్కు. ఆ విమానం 9వ తేదీ రాత్రి బయలుదేరి 11వ తేదీ తెల్లవారుజామున దిగినది. రెండు రాత్రులు పట్టిందని భ్రమపడరాదు. చలికాలంలో ఆ ఊరి గడియారం మనకంటే 13½ గంటలు వెనుక. అక్కడ 9న రాత్రి 8½ అయితే ఇక్కడ 10న ఉదయం 10. దానికి 17 కలిపితే 11న తెల్లవారుజామున 3 గంటలు. వేసవిలో తేడా 12½ గంటలే. పోవడానికీ రావడానికీ పట్టే కాలం కూడా ఒకటి కాదు. పైగాలి ఎదురైతే ఆలస్యం, వెన్నుదన్నైతే తొందర.

అయితే ఇంటి గడప నుండి గడపకు లెక్క వేరు. దేవనహళ్ళి విమానాశ్రయానికి మన ఊరినుండి కారులో రెండు మూడు గంటలు, అక్కడ మూడు గంటల ముందు హాజరు, దిగినచోట తనిఖీలు. వెరసి ఒక పూర్తి రోజు. మధ్యలో విమానం మారితే ఇంకా ఎక్కువ. నేరు విమానాలు కొన్నాళ్ళు నడుస్తాయి, కొన్నాళ్ళు ఆగుతాయి. టిక్కెట్టు కొనే ముందే విచారించాలి.

ఇంట్లో పెద్దలకు జబ్బు చేసినప్పుడు ఈ లెక్క మరీ ముఖ్యం. కబురు అందిన అబ్బాయి ఎంత తొందరపడినా ఆ రోజుకు రాలేడు. కాబట్టి కబురు ఆలస్యం చేయరాదు. “వాడికెందుకు బెంగ” అని దాచరాదు. ఆసుపత్రికి తోడు వచ్చే ఇరుగుపొరుగును ముందే అనుకొని ఉంచుకోవాలి. ప్రయాణం చేసే పెద్దలు మందులు చేతిసంచిలోనే పెట్టుకొని, ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో వైద్యుని అడిగి కాగితం మీద వ్రాయించుకోవాలి.